పాత గణనయంత్రాల విలువ

మారేడుమిల్లి వంటి ఏజెన్సీ మండలంలో చౌకధరల దుకాణం ముందో, బ్యాంకు ముందో నిలబడినవారికి "సర్వరు పనిచేయడం లేదు, రేపు రండి" అన్న మాట కొత్తది కాదు. బడి మెట్లు ఎక్కని వృద్ధులు సైతం ఆ పదాన్ని స్పష్టంగా పలుకుతారు. అయితే ఆ సర్వరు ఎక్కడ ఉంటుంది, ఎలా ఉంటుంది, దాని పూర్వరూపం ఏమిటి అని అడిగితే చెప్పగలిగినవారు తక్కువ. కనబడని వస్తువు మీద ఇంతగా ఆధారపడిన కాలం మునుపు లేదు.

సర్వరు అనగా సేవ చేసేది. అడిగినవారికి అడిగిన సమాచారాన్ని వెదికి అందించే కంప్యూటరును ఆ పేరుతో పిలుస్తున్నాము. యంత్రం ఒక్కటి, అర్థులు అనేకులు. ఈ పేరు వాడుకలోకి రాకముందే ఈ పని ఉన్నది. 1960, 1970 దశాబ్దాలలో ఒక పెద్ద సంస్థకు ఒకే కంప్యూటరు ఉండేది. అది చల్లబరచిన ప్రత్యేకమైన గదిలో ఉండి, సంస్థలోని వారందరి లెక్కలనూ ఒకదాని తరువాత ఒకటిగా, పిమ్మట కాలాన్ని ముక్కలుగా పంచి ఏకకాలంలో అన్నట్లుగా, చేసిపెట్టేది. నేటి సర్వర్లకు ఆ యంత్రాలు పితామహుల వంటివి. వాటిలో ఇప్పుడు మిగిలినవి బహు స్వల్పం. మిగిలిన వాటిలో ఒకటి లక్షల డాలర్లకు అమ్ముడుపోగా మరొకటి పాత ఇనుము ధరకు పోతున్నది. ఇంత తారతమ్యం ఎందుకు కలుగుతున్నదో మన రాష్ట్రాల నేలమీద పుట్టిన ఒక యంత్రాన్ని ముందుంచుకొని పరిశీలిద్దాము.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాలలో మన దేశంలో పనిచేసిన కంప్యూటర్లలో అధికభాగం విదేశాలవి. వాటిలో ఐ.బి.ఎం. 1401 అన్నది మిక్కిలి ప్రసిద్ధం. 1959లో ప్రకటింపబడిన ఈ నమూనా యంత్రాలు ప్రపంచమంతటా పన్నెండు వేలకు పైగా తయారయ్యాయి. దానిలో ఇమిడే సమాచారం 1,400 అక్షరాల నుండి 16,000 అక్షరాల వరకు మాత్రమే. ఇతర దేశాలలో వాడి విడిచిన యంత్రాలను బాగుచేసి ఆ సంస్థ మన దేశంలో అద్దెకు ఇచ్చేది. ఇతరులు పక్కన పెట్టినదానికి మనము హెచ్చు అద్దె చెల్లిస్తున్నామన్న విమర్శ అప్పుడే వినవచ్చింది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ సంస్థలు తమ వాటాను తగ్గించుకోవలసివచ్చినప్పుడు ఐ.బి.ఎం. అందుకు సమ్మతింపక 1978లో మన దేశం నుండి నిష్క్రమించింది. అది విడిచిపోయిన యంత్రాల ఆలనాపాలనా 1975లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ సి.ఎం.సి. మీద పడింది. తయారుచేసినవాడు వెళ్ళిపోయిన యంత్రాన్ని నడిపించడం తల్లి లేని పిల్లను సాకడం వంటిది. ఆ పని చేసిన ఇంజనీర్ల నేర్పు గురించి మన పుస్తకాలు చెప్పినది తక్కువ.

అంతకు ముందే మరొక ప్రయత్నం మొదలయింది. డాక్టర్ అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు. మన్యం విప్లవవీరుడు అల్లూరి సీతారామరాజు స్వగ్రామం కూడా అదే. 1922లో ఆ వీరుడు రంప అడవులలో పోరు సాగించే నాటికి సాంబశివరావు ఎనిమిదేళ్ళ బాలుడు. మారేడుమిల్లి కొండలు ఆ రంప ప్రాంతంలోనివే. 2022లో ఆ వీరుని పేరుతో ఏర్పడిన జిల్లాలో అవి చేరాయి. ఒకే ఊరు దేశానికి అంత భిన్నమైన ఇద్దరిని ఇచ్చింది. సాంబశివరావు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, పిదప అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోను చదివి, అణుశక్తి శాఖలో ఎలక్ట్రానిక్స్ రంగానికి అంకితమయ్యారు. ఆయన సారథ్యంలో 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ ఏర్పడింది. ఇ.సి.ఐ.ఎల్. అంటే ఆ నగరంలో బస్సు ఎక్కే ప్రతివారికీ తెలుసు. ఆ దాపునే ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరును నిలుపుతున్నది. అక్కడ కాపురముంటున్నవారిలో ఎందరికి ఆయన ఎవరో తెలుసునన్నది వేరే సంగతి.

ఆ సంస్థ పేరుతో వెలువడిన తొలి కంప్యూటరు టి.డి.సి. 12. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నది పూర్తి పేరు. ముంబయి దగ్గరి ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకొన్న ఈ యంత్రాన్ని 1969 జనవరిలో విక్రమ్ సారాభాయ్ ప్రారంభించారు. దాని తరువాత 1974లో టి.డి.సి. 312, 1975లో 16 బిట్ల టి.డి.సి. 316 వచ్చాయి. 1978లో మైక్రోప్రాసెసరుతో నడిచే మైక్రో 78 వెలువడింది. పేరులోని 12 అన్న అంకె ఆ యంత్రం ఒక్క పర్యాయం పట్టుకోగలిగిన బిట్ల సంఖ్య. బిట్ అనగా ఉన్నది, లేదు అన్న రెండింటిలో ఒక దానిని తెలిపే చిన్న గుర్తు. అమెరికాలో 1965లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 18,000 డాలర్లకు అమ్మిన పి.డి.పి. 8 కూడా 12 బిట్లదే. చిన్న కంప్యూటర్ల యుగానికి ద్వారం తెరచిన యంత్రమది. మన యంత్రం దాని తరగతికి చెందినది.

ఈ తరం యంత్రాలలో అన్నిటికంటె అద్భుతమైన భాగం వాటి జ్ఞాపకం. టి.డి.సి. 12లో 12 బిట్ల పదాలు 4,096 ఇమిడేవి. ఒక్కొక్క బిట్‌కు ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన ఒక చిన్న ఉంగరం కావలెను. అంటే 49,152 ఉంగరాలు. ఉంగరమంటే వేలికి పెట్టుకొనేది కాదు. ఆవగింజంత ఉంటుంది, ఒక్కొక్క తరంలో అంతకన్నా చిన్నది. దాని నడిమి రంధ్రం గుండా సన్నని రాగి తీగలు దూర్చాలి. పడుగు వైపు 64 తీగలు, పేక వైపు 64 తీగలు పరచి, అవి కలిసే ప్రతి చోట ఒక ఉంగరం నిలిపితే 4,096 ఉంగరాల చాప తయారవుతుంది. అటువంటి చాపలు పన్నెండు పేర్చితే ఆ జ్ఞాపకం పూర్తి అవుతుంది.

మారేడుమిల్లి పరిసరాలలో కొండరెడ్లు వెదురును బద్దలుగా చీల్చి బుట్టలు, తడకలు అల్లడం చూచినవారికి ఈ పని తేలికగా అర్థమవుతుంది. ఒక బద్ద పైకి, ఒక బద్ద కిందికి పోతేనే అల్లిక నిలుస్తుంది. ఒక్కటి తప్పితే ఆ వరుస అంతా విప్పవలసిందే. ఫెర్రైట్ చాపలను కూడా తొలి దశలో చేతులతోనే అల్లారు. ఎక్కువగా స్త్రీలు సూక్ష్మదర్శిని కింద కన్ను ఆనించి, సూదితో తీగను దూరుస్తూ అల్లారు. కంప్యూటరు చరిత్రలో శాస్త్రజ్ఞుల పేర్లు ఉన్నాయి గాని ఈ అల్లికదారుల పేర్లు లేవు.

ఇక ఆ అల్లిక పనిచేసే తీరు చూడండి. ఒక ఉంగరాన్ని ఒక దిక్కుగా అయస్కాంతీకరిస్తే అది 1, ఎదురు దిక్కుగా అయితే 0. దిక్కు మార్చడానికి కొంత విద్యుత్తు అవసరం. ఆ మొత్తం విద్యుత్తును ఒకే తీగలో పంపితే ఆ తీగ మీది ఉంగరాలన్నీ మారిపోతాయి. కాబట్టి పడుగు తీగలో సగం, పేక తీగలో సగం పంపుతారు. సగానికి ఏ ఉంగరమూ చలించదు. రెండు సగాలు కలిసే చోట ఉన్న ఒక్క ఉంగరం మాత్రం మారుతుంది. నలభై తొమ్మిది వేల ఉంగరాలలో కావలసిన దానిని మాత్రమే తట్టి లేపే ఉపాయమిది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జే ఫారెస్టర్ బృందం ఈ విధానాన్ని 1953లో వర్ల్‌విండ్ అనే కంప్యూటరులో ఆచరణలో పెట్టింది.

దీనిలో మరొక విచిత్రం ఉన్నది. ఉంగరంలో ఏమున్నదో తెలుసుకోవాలంటే దానిని 0 వైపు నెట్టి చూడాలి. అది అంతకు ముందు 1 అయితే తిరగబడి, మరొక తీగలో చిన్న స్పందన పుట్టిస్తుంది. 0 అయితే మౌనంగా ఉంటుంది. అంటే చదవడమే చెరపడం. అందుచేత యంత్రం చదివిన వెంటనే తిరిగి వ్రాసిపెట్టేది. ఇన్ని చిక్కులు ఉన్నా ఈ జ్ఞాపకానికి నేటి కంప్యూటరు జ్ఞాపకానికి లేని సుగుణం ఒకటి ఉన్నది. విద్యుత్తు పోయినా ఉంగరాలు తమ దిక్కును మరచిపోవు. ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న యంత్రంలో కూడా ఆనాడు చేసిన చివరి లెక్క అలాగే నిలిచి ఉండవచ్చు.

ఇంత శ్రమతో ఏర్పడిన జ్ఞాపకం మొత్తం ఎంత? నేటి లెక్కలో 6,144 బైట్లు. సెల్‌ఫోనులోను, కంప్యూటరులోను తెలుగు వ్రాసేటప్పుడు ఒక్కొక్క గుర్తుకు సాధారణంగా మూడు బైట్లు పడతాయి. ఆ చొప్పున రెండువేల గుర్తులకే ఆ జ్ఞాపకం నిండిపోతుంది. మీరు చదువుతున్న ఈ పాఠాన్ని ఆ యంత్రంలో పెట్టబోతే చోటు చాలదు. అయినప్పటికీ ఆ స్వల్పమైన చోటులోనే ప్రయోగశాలల కొలతలు, విశ్వవిద్యాలయాల గణితం జరిగాయి. పొదుపు అన్న మాటకు ఆ కాలపు ప్రోగ్రామర్లకు తెలిసిన అర్థం మనకు తెలియదు. ఆ తరం చిన్న కంప్యూటర్లకు తెర ఉండేది కాదు. ముందు పలక మీది మీటలను పైకీ కిందికీ నొక్కి తొలి ఆజ్ఞలను ఒక్కొక్కటిగా ఎక్కించేవారు. తక్కినవి చిల్లులు పొడిచిన కాగితపు నాడా మీద ఉండేవి. క్షణానికి పది అక్షరాలు కొట్టే టెలిటైపు మీద సమాధానం వచ్చేది.

ఈ యంత్రాల తరువాతి తరం తెలుగు నేల మీద చేసిన ఒక పెద్ద సేవను కూడా చెప్పుకోవాలి. రైలు ప్రయాణానికి సీటు నిలుపుకొనే పనిని సి.ఎం.సి. సంస్థ 1985, 86 సంవత్సరాలలో ఢిల్లీలో వాక్స్ అనే కంప్యూటర్ల మీదికి మార్చింది. అంతవరకు ఆ పని లావుపాటి పుస్తకాలలో చేతితో జరిగేది. పిమ్మట దేశంలోని రిజర్వేషను కేంద్రాలన్నిటినీ కలిపేందుకు రూపొందించిన కొత్త సాఫ్ట్‌వేరును మొట్టమొదట 1994లో సికింద్రాబాదులో అమలు చేశారు. ఏ ఊరి నుండి ఏ ఊరికైనా టిక్కెట్టు దొరికే నేటి సౌకర్యానికి ఆ అడుగు ఆధారం. వాక్స్ యంత్రాన్ని తయారుచేసింది పి.డి.పి. 8ను చేసిన సంస్థయే. ఆ సంస్థ 1998లో మరొక సంస్థలో లీనమై, పేరు కూడా మాసిపోయింది.

ఇప్పుడు విలువ సంగతికి వద్దాము. 1976లో 666 డాలర్ల 66 సెంట్లకు అమ్మిన ఆపిల్ 1 అనే కంప్యూటరు బోర్డులు దాదాపు రెండు వందలు తయారయ్యాయి. వాటిలో ఒకటి 2014లో న్యూయార్కు వేలంలో 9,05,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అది సర్వరు కాదు, అందులో బంగారమూ లేదు. ఒక మహాసంస్థ జన్మకథ అందులో ఉన్నది, అంతే. సర్వర్లలో అటువంటి ప్రసిద్ధి గలది స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనా సంస్థలో ఉన్న నెక్స్‌ట్ కంప్యూటరు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల నల్లని పెట్టె. 1988లో ఈ నమూనాను ప్రకటించినప్పుడు దాని ధర 6,500 డాలర్లు. 1990లో టిమ్ బెర్నర్స్ లీ దాని మీదనే ప్రపంచంలోని మొదటి వెబ్ సర్వరును నడిపారు. ఇది సర్వరు, దీనిని ఆపవద్దు అని ఎర్ర సిరాతో వ్రాసిన చీటీ ఇప్పటికీ దానికి అంటించి ఉన్నది. ఎవరో తెలియక మీట నొక్కితే ఆనాటి ప్రపంచజాలం మొత్తం ఆరిపోయేది గదా! అదే నమూనా యంత్రాలు మరికొన్ని సేకర్తల వద్ద ఉన్నాయి. కాని ఆ చీటీ ఉన్నది ఒక్కటే. విలువలో పెద్దపాలు ఆ కాగితం ముక్కది.

ఇక్కడ మనము గట్టిగా ఆలోచించవలసిన విషయం ఉన్నది. 1971 మొదలు 1978 వరకు ఇ.సి.ఐ.ఎల్. అమ్మిన కంప్యూటర్లన్నీ కలిపినా వందకు లోపే. కొన్నవి ఎక్కువగా ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు. అనగా సంఖ్యను బట్టి చూస్తే అవి ఆపిల్ 1 కన్న అరుదు. అయినా వేలంపాటలలో వాటి పేరు వినబడదు. అరుదైనదల్లా విలువైనది కాదు. ఒక వస్తువు కోసం అడిగేవారు ఉండాలి, అడిగేవారికి దాని కథ తెలిసి ఉండాలి. అమెరికావారు తమ యంత్రాల కథను వ్రాసుకొన్నారు, చిత్రాలు తీసుకొన్నారు, ప్రదర్శనశాలలు కట్టుకొన్నారు. మనము మన యంత్రాలను పనికిరాని సామాను పట్టికలో చేర్చి, సంఖ్య వేసి, వేలం వేశాము. పేదరికం వల్ల ఇది జరిగిందని కొందరు అంటారు. ఈ వ్యాసకర్తకు అది పూర్తి సమాధానంగా తోచదు. పాత తాళపత్రాలను పేదవారే కాపాడారు.

పాత ఇనుము వ్యాపారి చూపు వేరుగా ఉంటుంది. పాత సర్వర్లలో బోర్డుల అంచులకు, కొన్ని చిప్పుల కాళ్ళకు తుప్పు పట్టకుండా పలుచని బంగారు పూత వేసేవారు. ఆ పూత కోసం బోర్డులను ఆమ్లంలో ముంచుతారు, తీగల రాగి కోసం పైతొడుగును కాలుస్తారు. పొగలో సీసము వంటి విషపదార్థాలు ఉంటాయి. ఆ విషం మొదట సోకేది ఆ పని చేసే కూలికే. నలభై ఏళ్ళు నిలిచిన యంత్రం ఒక మధ్యాహ్నంలో చిటికెడు బంగారమై మాయమవుతుంది.

తెలిసినవాడు పాత సర్వరును చూచే పద్ధతి ఇంకొకటి. మొదట వెనుక భాగాన బిగించిన లోహపు పలకను చదువుతాడు. నమూనా పేరు, క్రమసంఖ్య, తయారైన చోటు అక్కడ ఉంటాయి. ఆ తరువాత బోర్డులన్నీ వాటి గూళ్ళలో ఉన్నాయా, ఎవరైనా కొన్నిటిని ఊడదీశారా అని చూస్తాడు. ఆపై అడిగేది కాగితాలను. వలయ చిత్రాలు, మరమ్మతుల దినచర్య పుస్తకం, నాడాలు ఉంటే ఆ యంత్రం విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. అవి లేని యంత్రం తాళంచెవి పోయిన భోషాణం వంటిది. చిత్రమేమిటంటే, సామాను అమ్మేవారు మొట్టమొదట పారవేసేవి ఆ కాగితాలే.

అతడు చేయని పని ఒకటి ఉన్నది. పాత యంత్రాన్ని చూడగానే తీగను విద్యుత్తుకు తగిలించడు. విద్యుత్తును నిలువ ఉంచే కెపాసిటర్లలోని ద్రవం ఏళ్ళు గడిచేకొద్దీ ఆరిపోతుంది, లోపలి సన్నని పొర బలహీనపడుతుంది. ఒక్కసారిగా పూర్తి విద్యుత్తు పారితే అవి పేలవచ్చు, వాటితోపాటు దొరకని భాగాలు కూడా కాలిపోవచ్చు. కాబట్టి విద్యుత్తును అతి స్వల్పంగా మొదలుపెట్టి, గంటల తరబడి కొద్దికొద్దిగా పెంచుతారు. లోపలి బ్యాటరీలు కారి బోర్డులను తినివేస్తాయి. కాగితాన్ని లాగే రబ్బరు దొర్లుడు బద్దలు బంకగా మారతాయి. మారేడుమిల్లి వంటి తేమ ప్రదేశంలో, మూడు నాలుగు నెలలు వాన విడువని చోట, లోహానికి చిలుము, కాగితానికి బూజు పట్టడం ఇంకా త్వరగా జరుగుతుంది.

జాగ్రత్త ఉంటే ఏమి సాధ్యమో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ చరిత్ర ప్రదర్శనశాల చూపింది. అక్కడ ఐ.బి.ఎం. 1401 యంత్రాలు రెండు మళ్ళీ పనిచేస్తున్న స్థితికి వచ్చాయి. ఒకటి జర్మనీ నుండి తెచ్చినది. అక్కడి విద్యుత్తు క్షణానికి 50 ఆవృత్తులది, అమెరికాలోనిది 60. అందుచేత ఆ ఒక్క యంత్రం కోసం విద్యుత్తునే మార్చే పరికరం పెట్టవలసివచ్చింది. బాగుచేసినవారు ఎవరనుకొన్నారు? యౌవనంలో అదే యంత్రంతో పనిచేసి పదవీ విరమణ పొందిన ఇంజనీర్లు. జీతం లేకుండా వారానికొకనాడు వచ్చి, సంవత్సరాల పాటు శ్రమించారు. ఏ చప్పుడు ఏ దోషానికి గుర్తో వారి చెవులకు తెలుసు, అది ఏ పుస్తకంలోనూ లేదు. ఫెర్రైట్ జ్ఞాపకాన్ని తొలిసారి వాడిన వర్ల్‌విండ్ కూడా 1970 దశాబ్దంలో ఇనుములోకి పోబోయింది. ఒకనాడు దానితో పనిచేసిన రాబర్ట్ ఎవరెట్, కెన్ ఓల్సన్ కలిసి దానిని కాపాడారు. ఓల్సన్ అప్పటికి పి.డి.పి. 8ను చేసిన సంస్థకు అధిపతి. ఆ కాపాడిన భాగాల నుండే ఒక కంప్యూటర్ ప్రదర్శనశాల పుట్టింది.

టి.డి.సి. యంత్రాలను కళ్ళారా చూచి, చేతులారా నడిపినవారు నేడు డెబ్బది, ఎనుబది ఏళ్ళ వయస్సులో ఉంటారు. వారిలో ఒకరు మీ వీధిలోనో, మీ తాతగారి స్నేహితులలోనో ఉండవచ్చు. కళాశాలలలో, కార్యాలయాలలో తాళం వేసిన సామాను గదులు ఎన్నో ఉన్నాయి. అటువంటి గదిలో మీటల వరుస గల ఇనుప బీరువా వంటిది కనబడితే దాని లోహపు పలక మీది అక్షరాలను ముందు వ్రాసుకోండి. ప్రక్కన ఉన్న కాగితాలను కదల్చకుండా చిత్రం తీయండి. విద్యుత్తు మాత్రం తగిలించవద్దు. అందులోని ఉంగరాలు ఇంకా ఆనాటి దిక్కులోనే ఉండి ఉండవచ్చు.

అభ్యాసము

1. ఫెర్రైట్ జ్ఞాపకం పనిచేసే తీరును పడుగు, పేకల పోలికతో వివరించండి.
2. అరుదైనదల్లా విలువైనది కాదని రచయిత ఏ ఆధారంతో చెప్పారు? మీ అభిప్రాయం ఏమిటి?
3. పాత యంత్రానికి వెంటనే విద్యుత్తు ఎందుకు ఇవ్వరాదు?
4. మీ ఊరిలో పాత యంత్రంతో పనిచేసిన ఒకరిని కలిసి, వారు చెప్పిన విషయాలను ఒక పుటలో వ్రాయండి.